ఆరు సెకన్ల పని

సుజి మొదటిసారి జాన్ బాబు కంప్యూటర్ రిపేరు కొట్టుకి వచ్చిన రోజు వాన దంచేస్తోంది. చున్నీ కింద దాచుకొచ్చిన లాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టి, "ఇది లేవడం లేదండి" అంది.

"నీళ్లు పడ్డాయా?"

"లేదు. నేనే చంపేసేను."

కంప్యూటర్ చెడిపోతే కరెంటునో, కంపెనీనో, ఇంట్లో పిల్లల్నో తిట్టేవాళ్లనే చూశాడు జాన్ బాబు. నేరం ఒప్పుకున్న మనిషిని చూడ్డం అదే మొదలు. మూడు రోజులు పడుతుందన్నాడు. అరగంట పని అంది. నా కొట్టా మీ కొట్టా అన్నాడు. తీరా మూత తీస్తే నిజంగానే అరగంట పట్టింది. ఆ అరగంటా ఆమె స్టూలు మీద కూర్చుని, పక్క కొట్లోకి దింపుతున్న బెల్లం దిమ్మల్ని లెక్కపెడుతున్నట్టు నటించింది. అతను స్క్రీన్ చూస్తున్నట్టు నటించాడు.

ఆమె ఇంటి దగ్గర కూర్చునే బెంగుళూరు కంపెనీకి పనిచేస్తుందట. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయని కెర్నెల్ అంటారు. ఆ కోడ్‌లో మార్పులు చేయడం ఆమె పని. మార్పు తప్పయితే మెషీన్ లేవదు. అప్పుడు మెషీన్ ఆన్ చేయగానే వచ్చే బూట్ మెనూలో పాత కెర్నెల్‌ని ఎంచుకుని లేపాలి. అతను చేసిందీ అంతే.

మరుసటి గురువారం మళ్లీ వచ్చింది. ఆ పై గురువారమూ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ లాప్‌టాప్ చచ్చే ఉండేది, ఎదురు బడ్డీ నుంచి రెండు టీలు వచ్చేవి, అరగంట కాస్తా గంట దాటేది.

జాన్ బాబుకి ఒకటే అర్థమయ్యేది కాదు. కెర్నెల్ రాసే మనిషికి మెనూలో పాతది నొక్కడం రాకపోవడమేంటి? వంట మాస్టారికి పొయ్యి వెలిగించడం రానట్టుంది ఈ వ్యవహారం. అడుగుదామనే అనుకునేవాడు. ఆమె నవ్వేది, అతను మరిచిపోయేవాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ తిప్పలన్నీ తప్పించే దారి అతనికి తెలుసు. చెబితే ఆమె పని సుఖం. కానీ చెబితే గురువారాలు పోతాయి. వారం రోజులు తనలో తను తన్నుకున్నాడు. చివరికి మంచితనమే గెలిచింది, ఖర్మ.

"వర్చువల్ మెషీన్ అని ఉంటాదండి" అన్నాడు ఏడో గురువారం. "కంప్యూటర్ లోపల ఉత్తుత్తి కంప్యూటర్. మీరు మార్చిన కెర్నెల్‌ని అందులో లేపండి. చస్తే అదే చస్తాది, అసలుదానికి ఏటీ అవదు. విడిగా డిస్కు కూడా అక్కర్లేదు, మీ ఫైళ్లే దానికి చూపించొచ్చు. ఆరు సెకన్ల పని."

సుజి ముఖం చిన్నబోయింది. "అంటే ఇంక నేను ఇక్కడికి రానక్కర్లేదన్నమాట."

"అక్కర్లేదండి" అన్నాడు, మేలు చేసిన గర్వంతో.

ఆమె థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది. టీ కూడా తాగలేదు.

మూడు గురువారాలు గడిచాయి. ఆదివారం చర్చిలో ఎదురుపడితే, పాటల పుస్తకంలో ముఖం దాచేసుకుంది. జాన్ బాబు బుర్ర పూర్తిగా తిరిగిపోయింది. సాయం చేస్తే కోపమా? ఆమెని మళ్లీ ఎలా మాట్లాడించాలో తెలియక, ఆ దిగుల్లో ఒకరి ఫోన్‌కి ఇంకొకరి బ్యాటరీ వేసేశాడు.

అలా ఉండగా ఒక పొద్దున్న సుజి వాళ్లమ్మ దీవెనమ్మ వచ్చింది. ఫోన్‌లో మాట వినపడటం లేదట. అతను స్క్రూలు విప్పుతూ, ఏదో మాటవరసకన్నట్టు, సుజి గారు బాగున్నారా అని అడిగాడు.

"దానికేటి బాబూ. ఆ ఉత్తుత్తి కంప్యూటర్లున్నాయి కదా, పొద్దస్తమానం అయ్యే లేపుతాది, అయ్యే సంపుతాది. ఉద్యోగంలో సేరిన కాణ్నించీ, రెండేళ్లయి అదే పని."

అతని చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. "రెండేళ్లా?"

"మరి నీ కొట్టుకెందుకు తెచ్చేదో నాకూ తెల్దు. అడిగితే, అసలు మెషీన్లో కూడా సూడాలమ్మా అనేది. ఇప్పుడేమో నువ్వే రావద్దన్నావని మూతి ముడుసుకుని కూకుంది."

తన మంచితనం ఏం చేసి వచ్చిందో జాన్ బాబుకి అప్పుడు తెలిసింది. దీవెనమ్మ ఫోన్ బాగుచేసి పంపి, తన లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. మధ్యాహ్నానికి కొట్టు మూసి వాళ్లింటికి బయల్దేరాడు. వాన లేదు, అయినా లాప్‌టాప్‌ని చొక్కా కిందే దాచుకున్నాడు.

తలుపు తీసిన సుజితో, "ఇది లేవడం లేదండి. నేనే చంపేసేను" అన్నాడు.

ఆమె దాన్ని ముందు గదిలో బల్ల మీద పెట్టి ఆన్ చేసింది. ఒక్క క్షణం చూసింది. "మెనూలో పాత కెర్నెల్ ఉంది కదా. అది నొక్కితే లేస్తాది."

"తెలుసు."

"మరెందుకు తెచ్చేరు?"

"మీరెందుకు తెచ్చేవారో అందుకే. నాకది ఇవాళే తెలిసింది. మీరు రాకపోతే నాకేటీ తోచడం లేదు. మీరంటే నాకిష్టం, సుజి గారూ."

ఆమె తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "వర్చువల్ మెషీన్ గురించి అంత బాగా చెప్పేరు కదా. అందులోనే చూసుకోవచ్చుగా" అంది.

"అందులో మీరుండరు కదా."

ఈసారి తల ఎత్తింది. గురువారాల నవ్వే అది.

వంటింట్లోంచి దీవెనమ్మ కేకేసింది. "ఎంతసేపు పడతాదే? ఆ అబ్బాయికీ అన్నం వండాలా?"

సుజి లాప్‌టాప్ మూత మెల్లగా మూసింది.

"ఇది అసలు మెషీనమ్మా. సాయంత్రం దాకా పడతాది. వండేయ్."