ఎర్ర గూడు

హుయ్ చిన్ మెట్లెక్కి వచ్చేసరికి ఆమె కాళ్ళకున్న చెప్పులు ఒక జతవి కావు. ఒకటి తనది, రెండోది ఎవరిదో. డిటెక్టివ్ సహాయకుడు జుల్ అది చూసి కుర్చీ లాగి వేశాడు. జార్జ్‌టౌన్‌లో కాఫీ కొట్టు మీది ఆ గదికి మనుషులు హడావుడిగానే వస్తారు గానీ, ఇలా పరుగెత్తి వచ్చేవాళ్ళు తక్కువ.

"మా అత్తయ్యకు నేనే విషం పెట్టానంటున్నారు మేడమ్," అంది ఆమె. "ఏడో రోజు కర్మ కాగానే మా బావగారు పోలీసులకు నా పేరు రాసిస్తారట. నా కొడుకును నాకు ఇవ్వరట."

డిటెక్టివ్ బీ సువాన్ చేతిలోని విసనకర్ర పక్కన పెట్టింది. యాభై దాటిన మనిషి, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపం ఎప్పుడూ సరైన మనిషి మీదికే వెళ్తుందని జుల్ నమ్మకం.

"మొదట్నుంచీ చెప్పు."

చావు జరిగిన రోజు అత్తగారు సా గైక్ పుట్టినరోజు. భర్త పోయి, నూడుల్స్ బండి నడుపుకుంటున్న చిన్న కోడలు హుయ్ చిన్ పొద్దున్నే పక్షి గూటి పాయసం చేసింది. చిన్న పిట్టలు ఉమ్మితో కట్టే ఆ గూళ్ళంటే ముసలామెకు ప్రాణం. సంతలో దొరికే తెల్ల గూళ్ళ ముక్కలు తెచ్చి, నానబెట్టి, ఈకలేరి, నీళ్ళు పారబోసి, పటికబెల్లంతో వండింది. మధ్యాహ్నం పెద్ద కొడుకు కోక్ బెంగ్ పట్టు గుడ్డ పరిచిన పెట్టెలో ఎర్ర గూళ్ళు తెచ్చాడు. సాయంత్రం పెద్ద కోడలు స్వీ లియన్ అవి వండిపెట్టింది. కాసేపటికే ముసలామె పెదాలు నీలంగా మారి, ఒరిగిపోయింది. ఆస్పత్రికి వెళ్ళాక లేవలేదు.

"డాక్టర్లు ఏమన్నారు?"

"తిన్నదాంట్లోనే ఏదో ఉందన్నారు. రిపోర్టు రాలేదు. తీసిన రక్తం కాఫీ రంగులో ఉందని నర్సు అంటుంటే విన్నాను."

"నువ్వు చేసిన పాయసం ఇంకెవరైనా తిన్నారా?"

"మా బాబు. నాయనమ్మ గిన్నెలోదే తిన్నాడు. వాడు శుభ్రంగా ఉన్నాడు. అది చెబితే మా బావగారు వినిపించుకోవడం లేదు."

"వినిపిద్దాం," అంది బీ సువాన్, లేస్తూనే.

కోక్ బెంగ్ పెద్ద కాంట్రాక్టరు. డిటెక్టివ్ వచ్చిందనగానే గుమ్మంలోనే అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "వెతుక్కోండమ్మా, ఎంత వెతికినా చవక సరుకు తినిపించి మా అమ్మను చంపిందనే తేలుతుంది. బండి మనిషికి మంచీ చెడ్డా ఏం తెలుస్తాయి!"

జుల్‌కు ఒళ్ళు మండింది. బీ సువాన్ మాత్రం తలుపు పక్కన చెప్పులు విప్పి నేరుగా లోపలికి నడిచింది.

"మీరు తెచ్చినవి మంచివని మీకెలా తెలిసింది?"

"ధర చూస్తే తెలియదూ? బూన్ టెక్ కొట్లోవి. ప్రాణాలకు తెగించి గుహల్లో రాళ్ళ మీంచి పీకుతారు. పిట్టలు రక్తం కక్కి కట్టిన గూళ్ళవి!"

పెట్టెలో ఇంకా కొన్ని మిగిలాయి. ఆమె ఒకటి తీసి తిరగేసి చూసింది. వెనక వైపు చదునుగా ఉంది, దాని మీద వరసగా సన్నటి గీతలు. జుల్‌కు చూపించి మళ్ళీ పెట్టెలో పెట్టింది. అతనికి అందులో వింతేమీ కనిపించలేదు.

వంటింట్లో స్వీ లియన్ నుదుటికి మందు రాసుకుని కూర్చుని ఉంది.

"ఏమ్మా, తలనొప్పా?"

"అత్తయ్య పోయిన సాయంత్రం మొదలైంది. ఏడ్చి ఏడ్చి వచ్చిందనుకున్నా."

"ఎర్ర గూడు నువ్వూ తిన్నావా?"

"అయ్యో, అంత ఖరీదైంది నాకెక్కడిది! గిన్నె అడుగున మిగిలిన రసం ఒక్క గుటక తాగానంతే. ఎంత ఎర్రగా ఉందో!"

"నానబెట్టిన నీళ్ళేం చేశావు?"

స్వీ లియన్ వింతగా చూసింది. "పొయ్యి మీద పెట్టాను. సత్తువంతా వాటిలోనే ఉంటుందట. అంత డబ్బు పోసి కొన్నది కాలవలో పోస్తారా అన్నారు."

బీ సువాన్ పళ్ళు కొరికింది. ఎందుకో జుల్ అడిగే లోపే బయటికి నడిచింది.

బూన్ టెక్ కొట్టు సందు మలుపులో ఉంది. దాని పక్కనే ఒక వడ్రంగి పలకల మీద రంపంతో వరసగా గాట్లు పెడుతున్నాడు. ఆ వీధిలో సగం మేడల పై అంతస్తులు గూళ్ళ కోసం పెంచే పిట్టల కాపురాలే. ఆ పలకలు అక్కడ పైకప్పుకు కొడతారు, గాట్లుంటే గూటికి పట్టు దొరుకుతుంది. బీ సువాన్ ఆగి అతని పని చూసింది. తర్వాత కొట్లోకి వెళ్ళి, తలల మీద వేలాడుతున్న, మాంసం కూరిన సాసేజిల దండల కేసి చూసింది.

"ఇవి మీరే చేస్తారా తౌకే?" అని షావుకారును అడిగింది.

"వెనకాలే మేడమ్," అన్నాడు బూన్ టెక్ ముసిముసిగా నవ్వుతూ. "మా తాతల నాటి నుంచీ. ఇంత ఎరుపు ఇంకెవరికీ రాదు."

తిరిగి వస్తూ ఆమె రంగు చేపలమ్మే కొట్టు దగ్గర ఆగి ఒక చిన్న డబ్బా కొంది.

"మన దగ్గర చేపల తొట్టి లేదుగా మేడమ్?" అన్నాడు జుల్.

"లేదు. అయినా కావాలి."

ఏడో రోజున ఇల్లంతా అగరొత్తుల పొగ. సా గైక్ ఫోటో ముందు ఆమెకు ఇష్టమైనవన్నీ వడ్డించారు. మధ్యలో ఎర్ర గూటి పాయసం. మంచి బేరం ఇచ్చే ఇల్లు కాబట్టి బూన్ టెక్ కూడా వచ్చి దండం పెట్టాడు. బీ సువాన్ పిలిపించిన ఇన్‌స్పెక్టర్ గోడ వారన కూర్చున్నాడు. కోక్ బెంగ్ తమ్ముడి కొడుకు చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. హుయ్ చిన్‌ను గుమ్మం దాటి రానివ్వలేదు.

బీ సువాన్ బల్ల మీద రెండు గిన్నెలు పెట్టింది. పొద్దున ఆమె అడిగితే తోడికోడళ్ళిద్దరూ నానబెట్టిన నీళ్ళవి. ఒకదాంట్లో తెల్ల గూళ్ళ నీళ్ళు, రెండోదాంట్లో ఎర్ర గూళ్ళ నీళ్ళు. చేపల కొట్లో కొన్న డబ్బాలోంచి కాగితపు ముక్కలు తీసి వాటిలో ముంచింది. మొదటిది తెల్లగానే ఉంది. రెండోది చూస్తుండగానే ముదురు గులాబీ రంగుకు తిరిగింది.

"మాంసం చెడకుండా, ఎర్రగా ఉండేలా సాసేజిల్లో ఒక ఉప్పు వేస్తారు. చిటికెడైతే పరవాలేదు. మితిమీరితే రక్తం ఊపిరిని మొయ్యలేదు. రక్తం కాఫీ రంగుకు తిరుగుతుంది, పెదాలు నీలమవుతాయి. తొట్టి నీళ్ళలో అలాంటిదే చేరి చేపలు చస్తాయి కాబట్టే ఈ కాగితం అమ్ముతారు. ఒక్క గుటక తాగిన పెద్ద కోడలికి ఆ సాయంత్రమే తలనొప్పి పట్టుకుంది. గిన్నెడు తాగిన ముసలామె పోయింది."

"గుహ గూళ్ళ తత్వమే అంత!" అరిచాడు బూన్ టెక్. "అవి ఎర్రగానే పుడతాయి!"

ఆమె గూడు తిరగేసి అతని ముక్కు ముందు పెట్టింది. "గుహలో రాతికి రంపం గాట్లు ఎవరు పెట్టారు తౌకే? నీ కొట్టు పక్క వడ్రంగా? ఈ పిల్ల సంతలో ఏరుకున్న ముక్కలూ, నీ పట్టు పెట్టెలోవీ ఆ మేడల మీద పుట్టినవే! నీ సాసేజిల ఉప్పులో పొర్లించి రంగెక్కించావు, అంతే!"

ఇన్‌స్పెక్టర్ లేచి పక్కకు రాగానే బూన్ టెక్ గొంతు పెంచాడు.

"తెల్లవి అమ్మితే మొహం తిప్పుకున్నది మీరు కాదూ? అవే ఎర్రగా చేసి పదింతలు చెబితే కళ్ళకద్దుకుని కొన్నారు! చంపాలనుకోలేదమ్మా! నానబెట్టిన నీళ్ళు అందరూ పారబోస్తారుగా!"

"చవకవైతే పారబోస్తారు," అంది బీ సువాన్.

స్వీ లియన్ భర్త వైపు తిరిగింది. "నేను పారబోయబోయాను. ఒక్క చుక్క కూడా పోనివ్వద్దని మీరే గిన్నె లాక్కుని కుండలో పోశారు."

కోక్ బెంగ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "నాకేం తెలుసు... అంత ఖరీదు పెట్టి..."

"తెలియకపోవడం తప్పు కాదయ్యా," అంది బీ సువాన్. "ధర చూసి గూటిని నమ్మావు. అదే కంటితో ఈ పిల్లను చూసి, బండి మనిషి కదా అని హంతకురాల్ని చేశావు. కన్నతల్లి నుంచి బిడ్డను కూడా లాక్కోబోయావే! గూటికి రంగు పులిమిన ఆ ఉప్పు నీ కంట్లో కూడా ఉంది."

కోక్ బెంగ్ చేతిలోంచి పిల్లాడి చెయ్యి జారింది. వాడు గుమ్మం వైపు పరుగెత్తాడు.

హుయ్ చిన్ వాణ్ణి చంకనేసుకుని లోపలికి వచ్చింది. ఆమె రెండో చేతిలో మూత పెట్టిన గిన్నె ఉంది. పొద్దున వండి, పెట్టనిస్తారో లేదోనని గుమ్మం బయటే పట్టుకు నిలబడింది. కోక్ బెంగ్ ఫోటోకు అడ్డంగా నిలబడి ఏదో అనబోయాడు.

"జరగండి బావగారూ," అంది హుయ్ చిన్. "అత్తయ్యకు ఆకలవుతుంది."

అతను జరిగాడు. ఆమె ఎర్ర గిన్నె తీసి ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చి, దాని చోట తన తెల్ల పాయసం పెట్టింది.