పలకని వాగుడుకాయ

“ఏమే, నిన్నే! పాలు తాగమన్నానా లేదా!”

పిలవడం ఇది నాలుగోసారి. ఎనిమిదేళ్ల కూతురు కిటికీ దగ్గర అటు తిరిగి కూర్చుని, బొమ్మల పుస్తకంలో ఏనుగుకి ఆకుపచ్చ రంగు వేసుకుంటోంది. ఉలకలేదు, పలకలేదు! ఆరు నెలల క్రితం దాకా ఈ పిల్ల పేరు ఇంట్లో వాగుడుకాయ. నిద్రలో కూడా కబుర్లు చెప్పేది. ఇప్పుడు పిలిస్తే పలకడానికి కూడా బెట్టు... తల్లికి కోపం రావాలి. రాలేదు. ఈమధ్య ఆమెకి కోపం, ఏడుపు, ఆకలి ఏవీ వేళకి రావడం లేదు. అన్నీ ఎక్కడో క్యూలో ఆగిపోయాయి. చెయ్యి మాత్రం దానంతటదే లేచింది!

ఆ చేతిని వెనక నుంచి ఎవరో గట్టిగా పట్టుకున్నారు. అత్తగారు!

పాపకి క్షయ. మామూలు మందులకి లొంగని మొండి రకం. రోజూ గుప్పెడు మాత్రలు, వాటికి తోడు పొద్దున్న ఏడింటికి నర్సు ఇంటికొచ్చి వేసే ఇంజెక్షన్. నాలుగు నెలలుగా ఇదే. దగ్గు తగ్గింది, కాస్త ఒళ్లు చేసింది. తల్లి ఒక కొరియర్ కంపెనీలో ఫోన్లు ఎత్తుతుంది. పార్సిల్ రాలేదని తిట్టేవాళ్లందరికీ ఎనిమిది గంటలపాటు “మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ” అని చెప్పడమే పని. ఆ గొంతే ఇంటికీ వచ్చేసింది. జబ్బు పేరు డాక్టరుగారు చెప్పిన రోజున కూడా ఆమె నోటి నుంచి వచ్చింది, “అర్థమైందండీ... ఇంకేమైనా ఉందా?”

అత్తగారితో ఆమెకి మొదటి నుంచీ మాటలు తక్కువ. వంటింట్లోంచి “అత్తయ్యా, ఇందులో ఉప్పు వేశారా?” అని కేకేస్తే జవాబుండదు. ఎదురుపడితే ఒక చిరునవ్వు, ఒక తల ఊపు. పెళ్లయిన పదేళ్లలో అంతే! కోడలంటే ఆవిడకి లెక్కలేదని ఆమె ఎప్పుడో తేల్చేసుకుంది.

“కొట్టకమ్మా... దానికి వినబడ్డం లేదు,” అంది అత్తగారు.

“వినబడకేం! అంతా నటన అత్తయ్యా. ఎదురుగా ఉంటే చక్కగా నవ్వుతుంది, అన్నిటికీ తలూపుతుంది...”

“అదేనమ్మా! నీ మొహం కనబడితేనే జవాబు చెబుతోంది. అటు తిరిగితే లేదు. వారం రోజులుగా చూస్తున్నా.” ఆవిడ గొంతు తగ్గింది. “నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పన్నెండేళ్లుగా నేను చేస్తున్నదీ అదే కదా...”

ఆమె పాలగ్లాసు బల్ల మీద పెట్టడానికి అటు తిరిగి, “అంటే మా పెళ్లికి ముందు నుంచా?” అంది. అత్తగారు పలకలేదు. ఆ పలకకపోవడానికి అర్థం ఆమెకి మొదటిసారి తెలిసింది! మెల్లగా ఇటు తిరిగింది. ఆవిడ మొహానికి ఎదురుగా నిలబడి మళ్లీ అడిగింది.

“ఆఁ. చెవిటి అత్తగారు దొరికిందని కొత్త చుట్టాలు నవ్వుతారని... దానికంటే నాకు గర్వమని అనుకుంటేనే నయమనిపించింది.”

“గర్వమనే అనుకున్నానత్తయ్యా.”

“తెలుసు. మీ అక్కతో ఫోన్లో చెప్పావుగా. అది మాత్రం నీ పెదాల మీద స్పష్టంగా కనబడింది!”

ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఒక చీటీ ఉంది. ఇంజెక్షన్ ఆపేవరకూ నెలనెలా వినికిడి పరీక్ష చేయించాలని. ఆ యంత్రం పెద్దాసుపత్రిలోనే ఉంది. రెండు బస్సులు మారాలి, రోజంతా వరసలో కూర్చోవాలి. మొదటి నెల వెళ్లారు. తర్వాత సెలవులు అయిపోయాయి. “జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంటే చెవులకెందుకు పరీక్ష? వచ్చే నెల చూద్దాంలే,” అన్నాడు భర్త. ఆమె కూడా సరే అంది. ఇప్పుడు ఆ చీటీ తీసి సంచీలో పెట్టుకుంది.

భర్తకి ఫోన్ చేసింది. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. “నాలుగో అంతస్తు దగ్గర వేలాడుతున్నానే, సాయంత్రం మాట్లాడదాం!” అన్నాడు. తర్వాత ఆఫీసుకి చేసింది.

“మీకు సెలవుల్లేవు మేడమ్,” అన్నాడు సూపర్‌వైజరు. “ఇవాళ మనుషులు కూడా తక్కువున్నారు.”

“మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ,” అని పెట్టేసింది.

పాపనీ అత్తగారినీ వెంటబెట్టుకుని బస్సెక్కింది. ఆసుపత్రిలో పాపని అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టారు. శబ్దం వినబడినప్పుడల్లా చెయ్యెత్తాలి. పాప ఎత్తుతూనే ఉంది! తల్లికి ప్రాణం లేచొచ్చింది. అంతలో పరీక్ష చేసే అబ్బాయి, “పాప నా మొహం చూసి ఎత్తుతోందండీ,” అని అటు తిరిగి కూర్చున్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఆ చిన్న చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది... తల్లి అద్దంలోంచి చూస్తూనే ఉంది. ఏడుపు ఇంకా క్యూలోనే ఉంది.

“దొంగ పిల్ల... అచ్చం నా మనవరాలే!” అంది అత్తగారు, కొంగుతో కళ్లొత్తుకుంటూ.

డాక్టరమ్మ కాగితాలు చూస్తూ తల వంచుకునే చెప్పింది. ఇంజెక్షన్ వల్ల సన్నటి శబ్దాలు, దూరం నుంచి పిలిచే పిలుపులు పోయాయి. పోయినవి తిరిగి రావు. ఇవాళ్టితో ఇంజెక్షన్ ఆపేసి, దాని బదులు వేరే మాత్రలు ఇక్కడే ఇస్తారు. వాటి కోసం నెలనెలా తప్పకుండా రావాలి. ఇంకొంచెం ఆలస్యమైతే దగ్గర నుంచి చెప్పే మాటలు కూడా వినబడేవి కావు.

“అర్థమైందండీ...” అంది తల్లి. అని ఆగిపోయింది. “లేదండీ. అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి. మా అత్తయ్యకి కూడా తెలిసేలా, తలెత్తి ఇటు చూస్తూ చెప్పండి. జబ్బు తగ్గుతుందా?”

డాక్టరమ్మ తలెత్తింది. ఇద్దరినీ చూసింది. “తగ్గుతోందమ్మా,” అంది నెమ్మదిగా. “మందులు మానకపోతే పూర్తిగా తగ్గుతుంది.”

బయటికి రాగానే ఆమె అత్తగారి చెయ్యి పట్టుకుని మళ్లీ అద్దాల గది వైపు నడిపించింది.

“ఈ వయసులో నాకెందుకమ్మా!”

“వెళ్లి కూర్చోండత్తయ్యా. మొహం చూసి చెయ్యెత్తారంటే ఊరుకోను!”

మర్నాడు ఏడింటికి నర్సు రాలేదు. పాప కిటికీ దగ్గర అటు తిరిగి కూర్చుని ఏనుగు చెవులకి రంగు వేస్తోంది. తల్లి పాలగ్లాసు పట్టుకుని, గది చుట్టూ నడిచి వెళ్లి, పాప ఎదురుగా నేల మీద కూర్చుంది.

“పాలు తాగవే, వాగుడుకాయా.”

పాప ఉలిక్కిపడి తలెత్తింది. భయంగా తల్లి చేతి వంక చూసింది. “ఎన్నిసార్లు పిలిచావమ్మా?”

“ఇదే మొదటిసారి,” అంది తల్లి.