మందపాటి గ్లవ్స్

భళ్ళుమని అద్దం పగులుతుంది!

పశువ్యాధుల ల్యాబ్ కారిడార్ అంతా చీకటి. ప్రభుత్వం జనరేటర్ ఇచ్చింది... డీజిల్ ఇవ్వలేదు!

ఆ చీకట్లో డాక్టరమ్మ పరుగెడుతోంది.

ముందు ఒక లావుపాటి నీడ. చంకలో తెల్లటి శాంపిల్ పెట్టె. వెనక తలుపు అద్దం పగలగొట్టి బయటి గడియ తీస్తున్నాడు.

"ఆగు!"

ఆగడు. పెరట్లోకి దూకుతాడు.

ఆమె వెంటపడుతుంది. ఆపాలి. కాసేపైనా ఆపాలి!

పెద్ద కోళ్లఫారంలో కోళ్లు కుప్పలుగా చచ్చాయి. అక్కడి కూలీ ఒకడు ఆస్పత్రిలో ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. తెల్లారేలోగా శాంపిల్ నగరంలోని పెద్ద ల్యాబ్‌కి చేరితే ఫారానికి సీలు. చేరకపోతే... రోగమున్న కోళ్లు లారీలెక్కి ఊరూరికీ!

ల్యాబ్‌కి ఉన్నది ఒక్కటే జీపు. తోసినా కదలదు.

ఒక్క బండి పంపు స్వామీ అని సాయంత్రం నుంచీ మొక్కుతోంది.

ఆయన ఈ దొంగని పంపాడు! ఏమనుకోవాలి?

పెరట్లో గొయ్యి. పొద్దున కాల్చిన కోళ్ల నిప్పులు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

ఆ వెలుగులో వాడి మొహం.

ఆమెకి ఆశ్చర్యం లేదు. అసహ్యం ఉంది.

అక్క మొగుడు. పైగా పశువుల శాఖ డైరెక్టర్!

"దొంగతనానికి కూడా సఫారీ సూటేనా బావగారూ?"

"దగ్గరికి రాకమ్మాయ్!" రొప్పుతున్నాడు. "ఆ ఫారంలో సగం నాది. తెలుసుగా?"

"అందుకేనా... ఎండదెబ్బకి చచ్చాయని టీవీలో చెప్పారు?"

"మీ అక్క మొహం చూసైనా వదిలెయ్."

"మా అక్క మొహం మీరు చూసి ఎన్నాళ్లయింది?"

"నోర్ముయ్!"

పెట్టె పైకెత్తుతాడు. మోచేతుల దాకా మందపాటి గ్లవ్స్. గడ్డకట్టించే చలిని తట్టుకునేవి.

"ఇంకో అడుగు వేశావో... నిప్పుల్లో పడేస్తా!"

ఆమె ఆగిపోతుంది. రెండు చేతులూ జోడిస్తుంది.

"వద్దు బావగారూ! ఎంతమంది ప్రాణాలో ఆలోచించండి. కాస్త... కాస్త ఆలోచించండి!"

"ఆలోచించే వచ్చా."

విసిరేస్తాడు!

భగ్గుమంటుంది మంట.

బావగారు నవ్వుతాడు. గట్టిగా. ఊళ్లో సభల్లో నవ్వినట్టే.

నవ్వు సగంలో ఆగుతుంది.

ముక్కు ఎగబీలుస్తాడు.

"ఏంటీ... తియ్యటి వాసన?"

"పంచదార."

"ఏంటీ?"

"మా అటెండర్ టీ సామాను. బయట పెడితే చీమలు పడుతున్నాయని ఖాళీ శాంపిల్ పెట్టెలో పోసి, మీరు తెరిచిన ఆ ఫ్రీజర్లో దాస్తాడు. పాపం, రేపు టీ లేదు వాడికి."

"అబద్ధం! అది... అది కోటి రూపాయల ఫ్రీజర్! నేనే ప్రారంభించాను!"

"రిబ్బన్ కోశారు. ఫోటో దిగారు. దానికి సరిపడా కరెంటు లైన్ వేయించమంటే వచ్చే ఏడు చూద్దామన్నారు. ఒక్కరోజు కూడా అది చల్లబడలేదు బావగారూ! వట్టి చేత్తో ముట్టుకున్నా తెలిసేది."

ఆమె చూపు గ్లవ్స్ మీద పడుతుంది.

ఆయన కూడా చూసుకుంటాడు.

"మరి... శాంపిల్?"

"మా డొక్కు ఫ్రిజ్‌లో. ఇందాకటిదాకా."

సరిగ్గా అప్పుడే...

గేటు దగ్గర ఇంజన్ గర్జిస్తుంది. టైర్లు కీచుమంటాయి. సైరన్!

బావగారి మొహంలో రక్తం ఇంకిపోతుంది.

"అది... నా కారు!"

"పారిపోవడానికి ఇంజన్ ఆపకుండా దిగారుగా. మా డ్రైవర్ ఐస్‌డబ్బా సర్దుకుని ఎక్కేదాకా మిమ్మల్ని ఇక్కడ నిలబెట్టాలి కదా... అందుకే ఇంతసేపు దణ్ణాలు!"

సైరన్ దూరమవుతోంది.

మొక్కుకుంది బండి కోసమే. ఇలా పంపుతాడని ఎవరనుకుంటారు?

"ఫోన్ చెయ్! చెక్‌పోస్టుకి చెప్పు! ఆపమను!" బావగారు అరుస్తున్నాడు.

ఆమె తాపీగా లోపలికి నడుస్తుంది.

"డైరెక్టర్ గారి కారుని ఎవరాపుతారు బావగారూ?"