తాళం తీసిన చేతులు

యాది మిషను ముందు కూర్చోవడానికి వచ్చే ముసలివాళ్ళందరూ తలకు నూనె రాసుకునే వచ్చేవాళ్ళు. రాసుకోవద్దని ముందురోజే కబురు పెట్టినా వినేవాళ్ళు కాదు. నూనె తల మీద సెన్సర్ల బ్యాండు నిలవదు. అందుకని స్మృతి కేంద్రంలో అడుగుపెట్టగానే కనిపించేది ప్రయోగశాల కాదు, తలంటు గది. కుర్చీలో వెనక్కి వాల్చి షాంపూతో తల రుద్దుతుంటే ఆ పెద్దవాళ్ళు నొచ్చుకునేవాళ్ళు. "ఫొటో దిగనీకి వస్తె తలకింత నూనె ఉండొద్దా బిడ్డా?" అని అడిగేవాళ్ళు. ఇది ఫొటో కాదని చెప్పీ చెప్పీ సిబ్బందికి విసుగొచ్చి, చెప్పడమే మానేశారు.

ఇరవై ఒకటో శతాబ్దం చివరికొచ్చింది. ఒకప్పుడు జడలకు రిబ్బన్లు కట్టుకుని నర్సరీ బళ్ళకు పోయిన హర్షితలు ఇప్పుడు హర్షితవ్వలయ్యారు. ప్రణయ్‌లు ప్రణయ్ తాతలయ్యారు. వాళ్ళు పుట్టి పెరిగిన పల్లెలు చాలావరకు ఖాళీ అయిపోయి, జనమంతా ముప్పై అంతస్తుల కాలనీల్లోకి వచ్చి పడ్డారు. మట్టిలో నాగలి ఎంత లోతుకు దిగాలో, కరువులో ఊరు ఎలా బతికిందో చెప్పగలిగేవాళ్ళు వీళ్ళే చివరివాళ్ళు. వీళ్ళు పోతే ఆ బతుకులు కూడా పోతాయని ప్రభుత్వానికి ఆలస్యంగానైనా తెలిసొచ్చింది.

ఆ పని కోసం తయారైన యంత్రానికి మూడు పేర్లు. ప్రయోగశాలలో ఎన్‌గ్రామ్ స్కానర్, ప్రభుత్వ కాగితాల్లో స్మృతిగ్రాహి, జనం నోట్లో యాది మిషను. మనిషి జ్ఞాపకం మెదడులో సినిమాలా దాగి ఉండదు. నాడీకణాల మధ్య అల్లికగా ఉంటుంది. ఆ అల్లికను చదివి, అలాంటి బ్యాండే పెట్టుకున్న మరో మనిషి మెదడులో మళ్ళీ అల్లడమే యంత్రం పని. అలా అల్లినప్పుడు చూసేవాడికి బొమ్మ ఒక్కటే కాదు, ఎండ వేడి, గంప బరువు, తడిసిన మట్టి వాసన కూడా తెలుస్తాయి. బడిపిల్లలు ఆ బ్యాండ్లు పెట్టుకుని ఎన్నడూ చూడని పల్లెల్లో అరగంట తిరిగొచ్చేవాళ్ళు.

యంత్రాన్ని కనిపెట్టిన డాక్టర్ సంహిత దానికి ఒక పరీక్ష పెట్టింది. దాని పేరు ఏకవాక్యత. ఒక సంఘటనను చూసినవాళ్ళందరి జ్ఞాపకాలూ ఒకే మాట చెబితే అది ధ్రువీకృతం, అంటే ఇక చరిత్ర. చూసినవాళ్ళలో ఒక్కరి జ్ఞాపకం ఎదురు తిరిగినా అది వివాదం. అప్పుడు రెండింటినీ పక్కపక్కనే చూపించాలి. కల్పన అని రుజువైనదాన్ని మాత్రం కేంద్రం రికార్డులోంచి పూర్తిగా చెరిపెయ్యాలి. వీటిలో ఎక్కడా నోటిమాటకు చోటు లేదు. "నోరు అబద్ధమాడుతుంది, కణం ఆడదు" అని సంహిత ప్రతి సభలోనూ చెప్పేది, సభలో ప్రతివాళ్ళూ చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఒక్కరు ఎదురు తిరిగినా చాలన్న ఆ నిబంధన ఎవరి కోసం రాసిందో ఆమె సహాయకురాలు నౌషీన్‌కు ఒక్కదానికే తెలుసు. సంహిత దాన్ని కన్నతల్లి కోసం రాసింది. నిజం చెప్పాలంటే యంత్రాన్నే తల్లి కోసం తయారుచేసింది. ఊరిజనం జ్ఞాపకాలన్నీ ఒకవైపు ఉన్నా, తల్లి జ్ఞాపకం ఒక్కటి వాటికి ఎదురుగా నిలబడాలన్నది ఆమె పట్టుదల.

సంహిత తొమ్మిదేళ్ళప్పుడు ఒకరోజు నీళ్ళ నల్లా విప్పి వదిలేసి ఆటలకు పోయింది. తిరిగొచ్చాక తల్లి అఖిల ఆమె చెంప పగలగొట్టి, తర్వాత తానే గోడకు చేరగిలబడి ఏడ్చి, ఆ సంగతి చెప్పింది. సంహిత పుట్టకముందు తుమ్మలగట్టులో పెద్ద కరువొచ్చింది. ఊరంతటికీ ఒక్క బోరులోనే నీళ్ళున్నాయి. బోరు గదికి చేతిముద్ర తాళం ఉండేది. అరచెయ్యి పెడితే పచ్చలైటు వెలిగి తెరుచుకునేది. నీళ్ళు చాలవని ఊరివాళ్ళు కూడబలుక్కుని, ఊరికి ఎడంగా ఉన్న వాడలోని వాళ్ళ చేతిముద్రలన్నీ తాళంలోంచి తీసేయించారు. అఖిలదీ ఆ వాడే. ఆమెకు అప్పుడు మూడేళ్ళ కొడుకు నిహాల్. వాంతులూ విరేచనాలతో వాడి ఒళ్ళు ఎండిపోతుంటే, ఎత్తుకుని పోయి ఆ గది ముందు కూర్చుంది. ఎదురుగా అరుగు మీద ఊరి మగాళ్ళూ ఆడాళ్ళూ కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఏ ఒక్కరు లేచి అరచెయ్యి పెట్టినా చాలు. ఎవరూ లేవలేదు. పొద్దు గూకకముందే పిల్లవాడు తల్లి ఒళ్ళోనే పోయాడు.

ఆ సంగతి అఖిల మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు, సంహిత మాత్రం మరిచిపోలేదు.

ఈ ఏడు తుమ్మలగట్టు ముసలివాళ్ళ వంతు వచ్చింది. మొదట ప్రణయ్ తాత కూర్చున్నాడు. చదవడం అయ్యాక సంహిత తానెవరి కూతురో చెప్పకుండా, కరువులో పోయిన పిల్లవాడి సంగతి కదిలించింది.

"అఖిల కొడుకా? ఎందుకు యాదిలేదు మేడం!" అన్నాడు. "గా తాళం తీసింది నేనే. ఈ చెయ్యే. అరుగు మీద అందరుండిరి, ఒక్కడన్న లేవలె. నాకు పానం ఆగలె. లేసి పొయ్యి తాళం తీసి గిలాసల నీళ్ళు వట్టుకొచ్చి ఇచ్చిన. తాగిండు. ఏం జేస్తం, రోగం ముదిరిపొయ్యుండె, సాయంత్రానికి పొయ్యిండు."

అతని తర్వాత హర్షితవ్వ కూర్చుంది. ఆమె జ్ఞాపకంలో అరుగు మీదినుంచి లేచింది హర్షితవ్వ ఒక్కతే. ఆమె తర్వాత వచ్చినవాడి జ్ఞాపకంలో లేచింది వాడొక్కడే. వారం గడిచేసరికి ఆ ఊరి ముసలివాళ్ళందరూ అయిపోయారు. అందరి తలల్లోనూ పచ్చలైటు వెలిగింది, అందరి చేతుల్లోనూ గ్లాసు ఉంది, పిల్లవాడు నీళ్ళు తాగాడు.

"ఒక్క తాళాన్ని ముప్పైమంది తీసిన్రంట అక్కా" అంది నౌషీన్. "ఎవలకు వాళ్ళు, ఇంకెవ్వలు లేవలేదంటున్నరు. యంత్రానికి ఇది కనవడ్తలేదా?"

యంత్రాన్నే అడిగారు. అది మర్యాదైన గొంతుతో జవాబిచ్చింది. "తాళం తెరుచుకుందనీ బాలుడు నీళ్ళు తాగాడనీ అన్ని జ్ఞాపకాలూ ఏకీభవిస్తున్నాయి. తెరిచింది ఎవరన్న అంశంలో పొంతన లేదు కనుక ఆ అంశాన్ని వదిలివేశాను. అబద్ధమాడుతున్న సంకేతాలు ఎవరిలోనూ లేవు."

అబద్ధం కాకపోతే ఏమిటో సంహితకు తెలుసు. జ్ఞాపకాన్ని తలుచుకున్న ప్రతిసారీ మెదడు దాన్ని కొత్తగా అల్లుతుంది. వీళ్ళెవరూ దొంగలు కారు. లేవలేదన్న బాధతో ఏళ్ళ తరబడి మనసులో లేచి లేచి ఆ తాళం తీశారు. తీసీ తీసీ, తీసినట్టే అయిపోయింది. చెయ్యని పనికి పడ్డ పశ్చాత్తాపం చేసిన పనిగా మారిపోయింది. ఆమెకు జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. తీయవలసిన రోజున తీయని తాళాన్ని తర్వాత ఎన్నిసార్లు తీస్తే ఏమిటి?

ఫరవాలేదనుకుంది. వాడవాళ్ళలో ఆనాటి మనిషి ఒకతె ఇంకా మిగిలే ఉంది.

అఖిలవ్వ చాలా ఏళ్ళు యాది మిషను దగ్గరికి రానని మొండికేసింది. ఇప్పుడు గుండె బలహీనపడి, ఎక్కువ రోజులు కష్టమని డాక్టర్లు చెప్పాక, కూతురి పోరు పడలేక సరేనంది. తలంటు అవసరం కూడా లేకపోయింది. ఆమె తలకు నూనె రాసుకుని రాలేదు.

చదవడం పూర్తయ్యాక సంహిత బ్యాండు పెట్టుకుంది. కాలుతున్న సిమెంటు గచ్చు, ఒళ్ళో పిల్లవాడి బరువు, అట్టకట్టిన చిన్న పెదాలు. ఎదురుగా అరుగు. తల్లి గుండె దడ తన గుండెలోనే కొట్టుకుంటోంది.

పచ్చలైటు వెలిగింది. ఎవరిదో చెయ్యి, ముఖం లేదు. స్టీలు గ్లాసు పెదాలకు ఆనింది. పిల్లవాడు గుటకలు వేస్తుంటే ఆ గొంతు కదలడం తల్లి మోచేతికి తెలిసింది. తాగి, తల ఎత్తి, తల్లిని చూసి నవ్వాడు.

సంహిత బ్యాండు పీకేసి పక్కగదిలోకి పరుగెత్తింది. అఖిలవ్వ మంచం మీద కళ్ళు తెరిచే ఉంది.

"చూసినవా?" అంది. "ఎట్ల తాగిండో చూసినవా? సగం అంగీ మీదనే పోసుకుండు, పిచ్చోడు."

"అమ్మా, నేను నల్లా ఇడిసిపెట్టిన్నని కొట్టినవు యాదికుందా? గా దినం ఏం చెప్పినవు? ఒక్కడు గూడ తాళం తియ్యలేదన్నవు."

"రోజు తాపేదాన్ని బిడ్డా" అంది అఖిలవ్వ. "పండుకునేటప్పుడు కండ్లు మూసుకొని వానికిన్ని నీళ్ళు తాపేది. మొదట్ల తాళం కాడనే ఆగిపోయేది. ఎంత జేసిన తెరుసుకోకపోయేది. తెల్లార్లు గట్లనే కూసునేది. ఎన్నేండ్లకో ఒకనాడు తెరుసుకున్నది. గప్పటి సంది రోజు తాగుతుండు. వాడు తాగినంకనే నాకు నిద్ర వడ్తది."

"మరి జరిగింది?"

"జరిగింది ఏదో నాకు ఇప్పుడు దొరుకుతలేదు. ఎతికిన. లేదు." ఆమె కూతురి చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో భయం ఉంది. "తుడిపేస్తరా? నేను పోయినంక వానిదింకేం ఉండదు. ఫొటో గూడ లేదు. గీ ఒక్కటి ఉండనియ్యి."

సంహిత చెయ్యి విడిపించుకుని ప్రయోగశాలకు వచ్చేసింది.

"తుమ్మలగట్టు సంఘటన ఏకవాక్యత సాధించింది" అంది యంత్రం. "వాడ పక్షాన మిగిలిన ఏకైక సాక్షి కూడా ఏకీభవించారు. ఆమోదిస్తే ధ్రువీకరిస్తాను."

"అభ్యంతరం" అంది సంహిత.

"ఆధారం?"

"మా అమ్మ నాతో చెప్పిన మాట."

"నోటిమాట చెల్లదు. నిబంధన మీరు రాసిందే. ఆ మాట విన్న జ్ఞాపకం మీలో ఉంటే చదువుతాను."

ఆమె బ్యాండు పెట్టుకుని కూర్చుంది. నల్లా, చెంపదెబ్బ, గోడకు చేరగిలబడ్డ తల్లి, ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంది. నౌషీన్ తెర దగ్గర నిలబడింది. యంత్రం ఎప్పటికన్నా ఎక్కువసేపే తీసుకుంది.

"తల్లిగారి మాటలు స్పష్టంగా లేవు" అంది. "వాటి మీద మరొక జ్ఞాపకం చాలా బలంగా అల్లుకుని ఉంది. మధ్యాహ్నపు ఎండ. అరుగు. బోరు గది. మీరు లేచి వెళ్ళి తాళం మీద అరచెయ్యి పెట్టారు. పచ్చలైటు వెలిగింది. బాలుడు నీళ్ళు తాగాడు."

"నేను అప్పటికి పుట్టనే లేదు!"

"అవును. అయినా ఈ జ్ఞాపకానికీ మిగతా సాక్షుల జ్ఞాపకాలకూ నాకు ఏ తేడా కనిపించడం లేదు."

నౌషీన్ ముఖం వెలిగిపోయింది. "అక్కా, ఇంకేం గావాలె? పుట్టని మనిషి తలల గూడ గదే ఉన్నదంటె వాళ్ళందరిదీ ఉత్త ఊహనే అన్నట్టు. గిదే రుజువు! రాసెయ్యి."

"నిజమే" అంది యంత్రం. "ఈ రుజువును నమోదు చేస్తే తుమ్మలగట్టు జ్ఞాపకాలన్నీ కల్పనలుగా తేలతాయి. నిబంధన ప్రకారం వాటిని శాశ్వతంగా చెరిపివేస్తాను. అఖిల గారిది కూడా. నమోదు చెయ్యమంటారా?"

ఒక్క మాట చాలు. అవును అంటే ఊరి అబద్ధం ఉండదు. నీళ్ళు దొరక్క చచ్చిపోయిన పిల్లవాడు నీళ్ళు దొరక్కే చచ్చిపోయినట్టు మిగులుతాడు. జీవితమంతా ఆమె అడిగింది అదే. అరుగు మీద కూర్చున్న ఆ మనుషులు కళ్ళెదుట పసివాడు పోతుంటే ఎందుకు లేవలేకపోయారో, చేతులు ఎందుకు కదల్లేదో ఆమెకు ఎంత ఆలోచించినా అర్థమయ్యేది కాదు. వాళ్ళను తలుచుకుని పళ్ళు కొరుక్కుంటూనే ఇంత చదువు చదివింది.

ఇప్పుడు ఆమె కుర్చీలోనే కూర్చుని ఉంది. పక్కగదిలోంచి తల్లి దగ్గు వినిపించింది.

"అక్కా, చెప్పు" అంది నౌషీన్.

సంహిత కదల్లేదు.

"నమోదు చెయ్యమంటారా?" అని యంత్రం మళ్ళీ అడిగింది.

"వద్దు" అంది సంహిత. "నాది చెరిపెయ్యి. మిగతాది ధ్రువీకరించు."

నౌషీన్ ఆమె ముఖంలోకి ఒకసారి చూసి బయటికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకున్న చప్పుడు ఆగాక సంహిత బ్యాండును సరిచేసుకుంది.

"మా అన్న నీళ్ళు తాగిండు గదా" అంది యంత్రంతో. "అది ఇంకొకసారి చూపించు."