విన్నవారి పేరు

రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. వెనకున్నవాళ్ళకీ వినపడాలిగా. మనందరినీ పైవాడు చల్లగా చూస్తాడు. ఈ కథలో అమ్మాయి కూడా ఆయన్ని నమ్ముకున్న పిల్లే.

ఓ పెద్దాసుపత్రిలో రోగుల వివరాలు దాచే డేటాబేస్ ఆమె చేతిలో ఉండేది. దానికి రెండు కాపీలు. ఒకటి డెవలప్‌మెంట్, మార్పులు చేసి చూసుకునే చోటు. అందులో రోగులు ఉత్తుత్తివాళ్ళు, సరదాకి ఆఫీసువాళ్ళ పేర్లే పెట్టుకున్నారు. మొదటి పేరు ఆమెదే. రెండోది ప్రొడక్షన్. అందులో ఉన్నది పై వార్డుల్లో పడుకున్న నిజం మనుషులు.

ఆ డేటాబేస్ నడిపే గదిని ఇరవై ఏళ్ళు ఏలిన పెద్దాయన్ని అందరూ బాబాయ్ అనేవారు. బుగ్గన ఎప్పుడూ ఓ లవంగం. ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ప్రొడక్షన్‌కి ఏ మార్పు పంపినా ముందు పైకి చదవాలి. పక్కనున్న మనిషి "విన్నాను" అనాలి. ఆ మనిషి పేరు 'విన్నవారు' అనే గడిలో కొట్టాలి.

"మన తప్పు మన చెవికి వినపడదే పిచ్చిమొద్దూ!" అనేవాడు.

ఆయన పోయి మూడు నెలలైంది.

ఆదివారం మధ్యాహ్నం. గదిలో ఆమె ఒక్కతే. మూడో అంతస్తులో వాళ్ళక్క, మర్నాడు ఆపరేషన్. ఫోన్ మోగింది.

"ఎక్కడ చచ్చావే?"

"ఒక్క కాలమ్ చేర్చాలక్కా, ఎలర్జీలు రాసుకునేది. ఐదు నిమిషాలు."

"నీ ఐదు నిమిషాలు నాకు తెలీవూ! నా పెళ్ళికి తాళి కట్టాక వచ్చావు."

నవ్వుకుంటూ ఫోన్ పెట్టేసింది. డెవలప్‌మెంట్‌లో మార్పు ఇట్టే అయిపోయింది. ప్రొడక్షన్ దగ్గర గడి అడిగింది... విన్నవారు?

వినడానికి ఎవరున్నారు? వేళ్ళు అలవాటుగా బాబాయ్ పేరు కొట్టేశాయి. చదవనైనా లేదు. నొక్కేసింది.

ఏసీ చప్పుడు ఆగింది. ఎక్కణ్ణుంచో లవంగం వాసన...

ప్రొడక్షన్‌లో రోగుల పట్టిక తెరిచింది. ఆమె చేర్చిన కాలమ్ ఉంది. దాని పక్కన ఇంకోటి ఉంది. ఆమె రాయలేదు. దాని పేరు 'వెళ్ళే వేళ'.

ఖాళీ గడులు ఒక్కొక్కటే నిండుతున్నాయి. ఏడో మంచం, మూడూ పది. గోడమీద గడియారం మూడూ తొమ్మిది. ఆమె రెప్ప వెయ్యకుండా చూసింది.

పైన అలారం మోగింది. పరిగెత్తే అడుగులు... ఎవరిదో ఏడుపు.

ఇంకో గడి నిండింది. అక్క పేరు. మూడూ ఇరవై.

"అయ్యో... దేవుడా..."

ఆ కాలమ్ తీసేసే మార్పు రాసింది. గడి మళ్ళీ అడిగింది. విన్నవారు? ఈసారి తన పేరే కొట్టింది. ఒప్పుకోలేదు. వాచ్‌మన్ పేరు కొట్టింది. ఒప్పుకోలేదు. తలుపు లాగింది. రాలేదు. ఫోన్ చేసింది. అవతల ఎవరూ ఎత్తలేదు. మూడూ పంతొమ్మిది.

ఇంకేం తోచలేదు. రాసిన మార్పుని పైకి చదివింది.

చెవి వెనక, చాలా దగ్గరగా...

"విన్నానమ్మా."

గడి దానంతటదే నిండింది. కాలమ్ మాయమైంది. తలుపు కిర్రుమని తెరుచుకుంది.

మెట్లెక్కి పరిగెత్తింది. అక్క దిండుకి ఆనుకుని కూర్చునుంది. నిక్షేపంలా ఉంది.

"మొహం అలా ఉందేమే? ఇందాక మీ ఆఫీసు పెద్దాయనట, వచ్చి కూర్చున్నాడు. 'మీ చెల్లి మాట కాదనలేకపోయాను' అని వెళ్ళిపోయాడు."

దుప్పటి మీద ఒక లవంగం ఉంది. నోటి తడి ఇంకా ఆరలేదు.

కిందికొచ్చి ప్రొడక్షన్ చూసింది. శుభ్రంగా ఉంది. ఎందుకో మనసొప్పక, డెవలప్‌మెంట్ తెరిచింది.

'వెళ్ళే వేళ' అక్కడుంది. అన్ని గడులూ ఖాళీ, తన పేరు పక్కనున్న మొదటిది తప్ప. అందులో గంటా నిమిషమూ ఉన్నాయి... తేదీ లేదు. ఎన్నిసార్లు చెరిపినా మళ్ళీ వస్తోంది.

ఇప్పటికీ రోజూ ఆ నిమిషానికి ఆమె చేతిలో పని ఆపేసి, కళ్ళు మూసుకుని కూర్చుంటుంది.

కాబట్టి నాయనలారా, తల్లులారా, ఒక్కటి గుర్తుపెట్టుకోండి. తిరిగి తీసుకోలేని పని చేసేముందు పైకి చదవండి. "విన్నాను" అన్న మనిషి వైపు తిరిగి, కళ్ళారా చూడండి. ప్రతిసారీ చూడండి.