చెవుల మేస్త్రి

పొద్దున్నే టీ ఫ్లాస్కు చంకన పెట్టుకుని షెడ్డు తలుపు తోసిన బుల్లి మేస్త్రికి ముందుగా కనిపించింది, పాత టైర్ల పక్కన పడి ఉన్న సైలెన్సరు. నిన్న సాయంత్రం చుట్టూ సన్నటి అతుకు వేసి, చేత్తో నిమిరి మరీ కారుకు బిగించిన సైలెన్సరు. దాన్ని రెండు పక్కలా రంపంతో కోసి పడేశారు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

కోసిందెవరో అడగక్కర్లేదు. షెడ్డు నాన్నది, రంపం నాన్నది, పట్టుదలా నాన్నదే.

ఆయన్ని అందరూ చెవుల మేస్త్రి అంటారు. బానెట్ ఎత్తకుండానే, శబ్దం విని బండి జబ్బు చెప్పేస్తారని ఆ పేరు. పొగ గొట్టంలో లీకు పట్టడానికి ఆయన దగ్గర ఒక సన్నటి రబ్బరు గొట్టం ఉంది. ఒక కొస చెవికి ఆనించుకుని, రెండో కొస అతుకుల వెంట జరుపుకుంటూ పోతే, లీకున్న చోట బుస్సుమంటుంది. పని కాగానే దాన్ని తన ఎత్తుకు కొట్టుకున్న మేకుకు తగిలిస్తారు. కూతురికి అది అందాలంటే పీట ఎక్కాల్సిందే. ఇరవై ఎనిమిదేళ్ళొచ్చినా, అతుకుల పనిలో తండ్రిని మించిపోయినా, వచ్చేపోయేవాళ్ళకు ఆమె ఇంకా బుల్లి మేస్త్రే.

అలాంటిది, పళ్ళ డాక్టరు తన ముప్ఫై ఏళ్ళనాటి ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చి, "పొగ గొట్టం తుప్పు పట్టి జల్లెడైపోయింది. మొత్తం కొత్తది వెయ్యాలి. ఇంజనుకు ఊపిరాడాలి, వెనకాల కాస్త గుర్రుమనాలి, కానీ వీధంతా ఉలిక్కిపడకూడదు. ఈ పని నువ్వే చెయ్యాలమ్మా" అన్నాడు. నాన్న ఎదురుగానే అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆమె మూడు వారాలు ఒళ్ళు దాచుకోకుండా పని చేసింది. ఇంజను దగ్గర నుంచి తోక దాకా స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం. ఏ ఒంపు దగ్గరా నొక్కుకుపోకుండా వంచింది. మధ్యలో ఒక సైలెన్సరు, వెనక ఒకటి.

నాన్నకు నచ్చితేగా! మొదటిసారి "దీనికి గొంతు లేదు" అని వెనక సైలెన్సరు విప్పించారు. రెండోసారి "ప్రాణం లేదు" అని మధ్యది మార్పించారు. మూడోసారి ఏమీ అనకుండానే కోసేశారు. ఇవాళ పదకొండింటికి డాక్టరు కారు కోసం వస్తాడు.

నాన్న కారులో స్టీరింగు ముందు కూర్చుని ఉన్నారు.

"ఎందుకు కోశావు నాన్నా?"

జవాబు లేదు. కనీసం తల కూడా తిప్పలేదు. ఈమధ్య ఆయన ధోరణే అంత. తనకు ఇష్టం లేని ప్రశ్న వేస్తే గోడకు చెప్పినట్టే. ఆమె విసురుగా వెళ్ళి అద్దం మీద కొట్టింది.

"వచ్చావా? ఉండు, విను" అంటూ తాళం తిప్పారు.

షెడ్డు అదిరిపోయింది. రేకుల మీంచి దుమ్ము రాలింది. అరలో స్పానర్లు గలగలలాడాయి. సైలెన్సరు ఉండాల్సిన చోట ఉత్త గొట్టం ముక్క పెట్టి బిగించేశారు. ఆయన మొహం మాత్రం వెలిగిపోతోంది.

"అదీ! బండంటే ఇదీ!"

"డాక్టరుగారు అడిగింది ఇది కాదు! ఆయన వీధిలో ఉండాలా వద్దా?"

నాన్న అప్పటికే రబ్బరు గొట్టం తీసుకుని కారు కింద గుంతలోకి దిగారు. ఆమె పొగ పోయేలా షెడ్డు తలుపులు బార్లా తెరిచి, వెనకే దిగింది. ఆయన గొట్టం కొస ఒక్కో అతుకు దగ్గరా ఆపుతూ, కళ్ళు మూసుకుని వింటున్నారు. కొత్త ముక్క బిగించిన చోట కూడా ఆపారు. తల ఊపారు.

"ఎక్కడా లీకు లేదు."

ఆ అతుకు దగ్గరికి ఆమె అరచెయ్యి పెట్టింది. వేడి పొగ చురుక్కుమని తగిలింది. చిరిగిన పాత వాషరే మళ్ళీ వేసేశారు. ఆమెకు పని నేర్పడం మొదలుపెట్టిన రోజున నాన్న చెయ్యొద్దని చెప్పిన మొదటి పని అదే.

ఆమె పైకెక్కి ఇంజను ఆపేసింది.

"ఇంత లీకు పెట్టుకుని లేదంటావేంటి? ఈ పొగ కారులోకి పోతే డాక్టరుగారు ఇంటికి చేరతారా? నా పని నచ్చకపోతే నచ్చలేదని చెప్పు. ముప్పుతిప్పలు పెట్టకు. ఒకాయన నన్ను నమ్మి పని ఇచ్చాడు, అది కూడా ఓర్చుకోలేకపోయావా?" చేతి తొడుగులు తీసి బల్ల మీద విసిరికొట్టింది. "రేపటి నుంచి నేను రాను. నీ షెడ్డు, నీ చెవులు, నువ్వే ఏలుకో!"

నాన్న గుంతలోంచి పైకొచ్చారు. "లీకా? ఎక్కడ?"

ఆ అడిగిన తీరుకు ఆమె ఆగిపోయింది. అందులో బుకాయింపు లేదు, బింకం లేదు. నిజంగానే తెలియనట్టు అడిగారు.

ఆమె ఇంజను మళ్ళీ స్టార్ట్ చేసింది. ఆయన చేతిలో గొట్టం లాక్కుని గుంతలోకి దిగి, తన చెవికి ఆనించుకుని రెండో కొస అదే అతుకు దగ్గర పెట్టింది. కుక్కర్ విజిల్ చెవిలోనే వేసినంత చప్పుడు! గబుక్కున తల పక్కకు తిప్పేసుకుంది. ఇప్పుడే, ఇదే గొట్టం పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నాన్న తల ఊపారు.

పైకొచ్చి ఇంజను ఆపేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. వెనక ఇంట్లోంచి అరుపులు విని వచ్చినట్టుంది.

"ఇక చెప్పెయ్యండి" అంది ఆయనతో, మామూలుగా కాదు, గొంతు చించుకుని. తర్వాత కూతురి వైపు తిరిగింది. "ఆర్నెల్లుగా అరిచీ అరిచీ నా గొంతు అరిగిపోయింది. మేమిద్దరం రోజూ పోట్లాడుకుంటున్నామని పక్కింటావిడ మంచి మాటలు చెప్పడానికి కూడా వచ్చింది. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నారు."

నాన్న పీట మీద కూలబడ్డారు. చేతుల మసి తుడుచుకున్నారు.

"పెద్ద చప్పుళ్ళు వినిపిస్తాయి తల్లీ. సన్నవి జారిపోతున్నాయి" అన్నారు. "నువ్వు మొదటిసారి బిగించి స్టార్ట్ చేసినప్పుడు, ఇంజను తిరుగుతోందో లేదో బానెట్ మీద చెయ్యేసి తెలుసుకున్నాను. భయమేసింది. కాస్త గట్టిగా మోగితే నాకూ వినబడుతుందేమోనని కోశాను. నీ పని నచ్చక కాదు. నీ పని నాకు వినబడలేదు."

ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మూడు వారాలుగా ఆయన్ని మనసులో ఎన్నెన్ని తిట్టిందో అన్నీ గుర్తొచ్చాయి. ఆయన ఎదురుగా, పెదాల కదలిక కనబడేలా కూర్చుంది.

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"చెవులు పోయిన చెవుల మేస్త్రి దగ్గరికి ఎవరొస్తారే?"

"నేనొస్తాను" అంది గట్టిగా. "సోమవారం చెవుల డాక్టరు దగ్గరికి కూడా నేనే తీసుకెళ్తాను. ముందు లే, కోసింది నువ్వేగా, వచ్చి పట్టుకో!"

డాక్టరును సాయంత్రం రమ్మని ఫోన్ చేసింది. కోసిన సైలెన్సరు అంచులు ఆయన ఆకురాయితో నునుపు చేసి ఇచ్చారు. గుంతలో ఆయన పొగ గొట్టం ఎత్తి పట్టుకుంటే ఆమె అతుకు వేసింది, కొత్త వాషర్లు బిగించింది. ఇంజను స్టార్ట్ చేశాక రబ్బరు గొట్టం ఆయనే తెచ్చి ఆమె చేతికిచ్చారు. ఆమె ఒక్కో అతుకూ విని, లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. తర్వాత ఆయన చెయ్యి పట్టుకెళ్ళి బానెట్ మీద పెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉన్నారు.

"నాలుగు సిలిండర్లూ సమానంగా కొడుతున్నాయి. ఊపిరి బాగా ఆడుతోంది" అన్నారు.

సాయంత్రం డాక్టరు కారును చుట్టుపక్కల వీధులన్నీ తిప్పుకొచ్చాడు. దిగీ దిగగానే, "సరిగ్గా ఇదే నేనడిగింది! బుల్లి మేస్త్రి భలే చేసింది" అన్నాడు.

నాన్న ఆయన మొహంకేసే చూస్తున్నారు. "బుల్లీ లేదు, గిల్లీ లేదు. మేస్త్రి అనండి డాక్టరుగారూ. ఇకనుంచి ఈ షెడ్డుకు చెవులు తనవే."

డాక్టరు వెళ్ళాక ఆమె షెడ్డు ఊడుస్తుంటే వెనక నుంచి సుత్తి చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే, గోడకున్న పాత మేకు పీకేసి, జానెడు కిందికి కొడుతున్నారు. రబ్బరు గొట్టాన్ని దానికి తగిలించి అడిగారు.

"అందుతుందా?"

ఆమె పీట ఎక్కకుండానే చెయ్యి చాపి గొట్టం పట్టుకుంది. పక్కింటికి కూడా వినబడేలా అరిచింది.

"అందుతుంది నాన్నా!"