నాకా కాడి ఉడుకు గాలి

నాందేడ్ నుంచి ముఖేడ్ దిక్కు పోయే తొవ్వల ఒక ఘాట్ ఉంది. ఘాట్ దిగినంక మలుపు కాడ నైజాం కాలం నాటి సుంకం నాకా. కప్పు ఎప్పుడో కూలిపోయింది, గోడలు మిగిలినయి. ఒకప్పుడు అక్కడ ప్రతి బండిని ఆపి సుంకం వసూలు చేసేటోళ్లట. ఇప్పుడైతే పొద్దుగూకినంక అక్కడ బండి ఆపే మొనగాడు ఒక్కడు తప్ప ఇంకోడు లేడు.

ఎందుకంటరా... లోకమంత సల్లవడ్డ రాత్రి గూడ అక్కడ ఉడుకు గాలి కొడ్తది. సక్కగ మెడ మీద! ఎవరో ఎనుక నిలవడి ఊపిరి ఇడిసినట్టు. ఆ ఊపిరి ఒకప్పుడు నాకా కాడ బండ్లు ఆపిన జవానుదని అంటరు. బండి కింద వడి సచ్చిండట పాపం. ఆపు, ఆపు అని మొత్తుకున్నా బండోడు ఆపలేదట. అప్పటిసంది ఆ తొవ్వన పోయేటోళ్లను పిలుస్తడు — మనం ఎరిగిన గొంతుతోనే పిలుస్తడు. ఓ అని పలికినవా, మళ్లి చూసినవా... ఇగ నీ పని ఖతం.

అందుకే ఘాట్ నెత్తి మీదికెళ్లి నాకా దాటేదాంక ఎవ్వరూ నోరు ఎత్తరు, మెడ తిప్పరు. పెండ్లి బస్సు పోయినా అక్కడ పాటలు బంద్ వెడ్తరు.

టెంపో నడిపే భోజన్న ఈ కట్టుబాటును అందరికన్న గట్టిగ వట్టుకున్నోడు. జాత్రల కుస్తీ వట్టే మనిషి, గని నాకా పేరు ఎత్తితే చేతిల బీడీ చేతిలనే ఆరిపోయేది. ఎక్కిరించేటోళ్లను ఎక్కిరించనియ్యి, నేనైతే పాణంతోని ఇల్లు చేరుతున్న గదా అనేటోడు.

ఇది ఎనభై అయిదు ఎండకాలం ముచ్చట.

భోజన్న ఊర్లె మారయ్య పోయిండు. పోయేముందు పెండ్లం ముత్తెమ్మ చెయ్యి వట్టుకొని ఒక్కటే మాట అడిగిండు: పెద్దోడు అచ్చేదాంక నన్ను కాల్చొద్దు, వాని చేతితోనే తలకొరివి కావాలె అని. పెద్దోడు శివరాం మిలిటరీల ఉన్నడు. దక్షిణ ధ్రువం దిక్కు, మంచు మీద సర్కారు కట్టిన మకాంల ఏడాది ఉండి, అప్పుడే ఓడల గోవకు దిగిండు. తార్ అందింది, బయలెల్లిన, రేపు పొద్దుగాల ఊర్లె ఉంట అని తిరుగు టెలిగ్రాం కొట్టిండు.

అప్పటిదాంక ఆ ఎండలకు శవం చెడకుండ నిలువాలంటే బరఫు గడ్డలు కావాలె. బరఫు కార్ఖానా నాందేడ్లనే ఉంది.

చిన్న కొడుకు దేవన్న ఉరికచ్చి భోజన్నను బతిలాడిండు. మారయ్య భోజన్నకు అన్న వరుస, ఎట్ల కాదంటడు? ఇద్దరు టెంపో ఏసుకొని పోయిన్రు.

తీరా చూస్తే కార్ఖానాల కట్టెపొట్టు అయిపోయింది. పొట్టు కప్పకుంటే బరఫు లాదీలు కరుగుతయి కాకా, నాందేడ్లనే ఇంకోకాడ అడుగుదామని దేవన్న అన్నడు. భోజన్న ఇనలే. రాత్రి సల్లగనే ఉంటది, గోనెపట్టలు కప్పితే సాలు, పొట్టు ఎతుక్కుంట తిరిగితే నడిజాముకు నాకా కాడ తేల్తం అన్నడు. అది బరఫు సంగతి తెలిసి చెప్పిన మాట కాదు, భయంతోని చెప్పిన మాట.

లాదీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన్రు. జారకుండ వట్టుకోనీకి దేవన్న లాదీలకూ క్యాబిన్ రేకుకూ నడుమ ఇరికి కూసున్నడు. వాని వీపు రేకుకు ఆనింది. రేకుకు ఇవుతల భోజన్న సీటు.

ఘాట్ నెత్తి మీద భోజన్న బండి ఆపి, దిగి, ఎనుకకు అచ్చిండు. గొంతు తగ్గించి చెప్పిండు.

"నాకా దాటేదాంక నోరు ఎత్తకు బిడ్డ. ఏమన్న అయితే రేకు మీద కొట్టు. నేను ఆపుత."

"సరే కాకా. జర మెల్లగ దించు."

దిగుడు మొదలైంది. కిటికీలకెళ్లి సల్లటి గాలి అస్తున్నది. ఒక మలుపు తిరిగిన్రు... ఇంకో మలుపు... ఆ సల్లదనం ఉన్నట్టుండి ఆగిపోయింది.

పొయ్యి ముంగట కూసున్నట్టు ఉడుకు గాలి తాకింది.

భోజన్నకు ఒళ్లంత చెమట. స్టీరింగు గట్టిగ వట్టుకున్నడు. ఎనుక టాపు మీది తాడ్‌పత్రి గుడ్డ తపతప కొట్టుకుంటున్నది. గాలి తగ్గలే — గుట్ట దిగినకొద్ది ఇంకింత ఉడుకైతున్నది. కింద రోడ్డు మీద నీళ్లు కారుతున్న సప్పుడు.

అప్పుడు — ఫట్!

తుపాకి పేలినట్టే. బండి ముంగటికి తూలింది. ఆ ఎంటనే, సక్కగ మెడ ఎనుక...

"కాకా..."

భోజన్న మళ్లి చూడలే.

"కాకా... ఆపు కాకా..."

దేవన్న గొంతే. గని దేవన్న ఎందుకు పిలుస్తడు? నోరు ఎత్తొద్దని చెప్పితిని గదా. రేకు మీద కొట్టమంటిని గదా. రేకు మీద సప్పుడే లేదు. అంటే... పిలిచేది దేవన్న కాదు.

గొంతు సన్నగైంది. ఊపిరి అందనట్టు సగం సగం మాటలు అస్తున్నయి. భోజన్న హనుమంతుని పేరు పండ్ల నడుమ నలుపుకుంట యాక్సిలేటర్ తొక్కిండు. నాకా గోడలు లైటు ఎలుగుల తెల్లగ కనవడి ఎనుకకు పోయినయి. ఇంకొక్కసారి పిలిచింది. అటెంక పిలువలే.

గెలిచిన అనుకున్నడు భోజన్న. నిజంగ అట్లనే అనుకున్నడు.

మారయ్య ఇంటి ముంగట బండి ఆపి నవ్వుకుంట దిగిండు. దేవన్నా, దాటినం బిడ్డ, నీ గొంతుతోనే పిలిచిండు జవాను, నేను పలుకుతనా... అనుకుంట ఎనుకకు పోయిండు. టెంపోలకెళ్లి నీళ్లు ధార గట్టినయి. లాంతరు ఎత్తి చూసిన్రు. మీది లాది నడుమకు చీలి, ముంగటి ముక్క జారి, దేవన్న ఛాతీని రేకుకు వత్తిపెట్టింది.

దేవన్న సచ్చిపోయిండు.

మిగిలిన బరఫు మీద తండ్రిని, కొడుకును పక్కపక్కన పండవెట్టిన్రు. నాకా జవాను పొల్లగాన్ని మింగిండని ఊరంత ఏడ్సింది. భోజన్న గూడ అదే చెప్పిండు, అచ్చినోళ్లకల్లా చెప్పిండు. ముత్తెమ్మ మాత్రం కొడుకు చేతులు ఒడిల వెట్టుకొని తుడుసుకుంట కూసున్నది.

పొద్దుగాల శివరాం అచ్చిండు. తండ్రి కోసం అచ్చినోడు తమ్మున్ని చూసి గడప మీదనే కూలవడ్డడు. చానసేపటికి తేరుకొని, ఏమైందో చెప్పుమని భోజన్నను అడిగిండు. అంత ఇన్నడు. గాలి ఏ దిక్కుకెళ్లి అచ్చింది, దిగినకొద్ది ఉడుకైందా అని తరిచి తరిచి అడిగిండు.

"కాకా, అది గుట్ట దిగే గాలి," అన్నడు. "సైకిల్ పంపు కొడితే అడుగు ఉడుకైతది సూడు, అట్లనే ఆ గాలి కిందికి దిగినకొద్ది నలిగి ఉడుకెక్కుతది. నేనున్నకాడ గూడ దిగుతది. సముద్రం మీద మైళ్ల కొద్ది మంచు పలక... పొద్దు పొడువని చలికాలంల, సీకట్ల గూడ ఆ గాలికి పైపొర కరుగుతది. ఆ నీళ్లు బీటలల్లకు దిగి పలకను చీలుస్తయి. ఫట్‌మని తుపాకి సప్పుడు అస్తది. అక్కడ దెయ్యం లేదు కాకా, ఇక్కడ లేదు."

భోజన్న మొఖంల నెత్తురు లేదు. దెయ్యం లేకుంటే పిలిచింది ఎవరు? ఆ సంగతి ఆయన మనసు ఒప్పుకుంటలేదు.

"మరి రేకు మీద ఎందుకు కొట్టలే?" అన్నడు. "కొట్టుమని చెప్పిన. కొడితే ఆపకపోదునా?"

రాత్రిసంది పలుకని ముత్తెమ్మ అప్పుడు తల ఎత్తింది.

"కొట్టనీకి చేతులేవి భోజన్నా? రెండు చేతులు ఆ బరఫు కిందనే ఉండె. నేనే తీసిన."

ఆ దినం రెండు సితులు పేర్చిన్రు. రెండింటికీ శివరామే నిప్పు పెట్టిండు.

భోజన్న ఆ తొవ్వ ఇడువలే. పాసింజర్లను ఊర్లె దించినంక, రాత్రిపూట ఖాళీ టెంపోతోని మళ్ల ఘాట్ ఎక్కి, ఒక్కడే నాకా కాడికి దిగుతడు. అక్కడ ఇంజను బంద్ చేస్తడు. మెడ తిప్పి, "ఓ బిడ్డ... ఆపిన," అంటడు. ఉడుకు గాలి మెడకు తాకుతది. అది ఒట్టి గాలే అని ఆయనకు తెలుసు. సైకిల్ పంపు ముచ్చట ఇప్పుడు అందరికీ ఆయనే చెప్తడు.

గని ఆయన ఓ అన్నంక, ఆ ఖాళీ టెంపో ఎనుకకెళ్లి, రేకు మీద మెల్లగ... టక్, టక్ అని కొట్టేది ఎవరో మాత్రం అడిగితే చెప్పడు.